పై ఆకు చూసి కొన్న కారు

కారు కంటే ముందు నిమ్మకాయలు కొన్నాను. ఈ ముక్క మొదటే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలికవుతుంది. నాలుగు నిమ్మకాయలు, ఒక కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, బంతిపూల దండ అన్నీ ముందురోజే తెచ్చి సంచిలో సర్దిపెట్టాను. ఇంట్లో మాత్రం “ఊరికే చూసొస్తాం, నచ్చితే అప్పుడు ఆలోచిద్దాం” అన్నాను. నచ్చకపోతే ఆ దండ ఎవరి మెళ్లో వేస్తానని మా ఆవిడ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. ఇన్సూరెన్సు కూడా ఆ రాత్రే కట్టేశాను. బండి నంబరు నా దగ్గరుంది, ఫోటోలున్నాయి, డబ్బు సిద్ధంగా ఉంది. వెళ్లి చూడ్డమన్నది మిగిలిపోయిన తంతు, అంతే.

నా ఉద్యోగం ఏమిటో కూడా చెప్పాలి. బర్మింగ్‌హామ్‌లో ఒక బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఇంకొకరు రాసిన దాంట్లో తప్పులు పట్టినందుకే నాకు జీతం. నేను సరేననకుండా ఏదీ గడప దాటదు. కుర్రాళ్లు “అన్నీ చూశాం సార్, బాగానే ఉంది” అంటే నమ్మను. ఏమేం చూశారు, ఎలా చూశారు, చూసినట్టు రుజువేది అని పీక్కుతింటాను. నా వెనక నాకేవో పేర్లు పెట్టుకున్నారని తెలుసు. అది విని లోలోపల మురిసిపోయిన రోజులూ ఉన్నాయి.

కారు సంగతికొస్తే, అది 1971 నాటి రోవర్ 3500. దాని ప్రియులు పి6 అంటారు. మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న సోలిహల్ ఫ్యాక్టరీలో పుట్టింది. 1963లో రోవర్ 2000 అన్న పేరుతో నాలుగు సిలిండర్లతో మొదలై, 1968లో వి8 ఇంజను పెట్టుకుని 3500గా కూడా వచ్చి, 1977 దాకా నడిచింది. యూరప్‌లో కార్ ఆఫ్ ది ఇయర్ బహుమతి మొట్టమొదటిసారి 1964లో ఇచ్చినప్పుడు అందుకున్నది రోవర్ 2000. మెర్సిడెస్ 600 అంతటిది రెండో స్థానంలో నిలబడింది. ఆ వి8 ఇంజను అసలు అమెరికావాళ్లది. జనరల్ మోటార్స్ బ్యూక్ కార్ల కోసం అల్యూమినియంతో చేసి, తర్వాత వద్దనుకుని వదిలేస్తే, 1965లో రోవర్ వాళ్లు హక్కులు కొనుక్కుని దశాబ్దాల తరబడి వాడుకున్నారు. అంతకంటే వింత ఇంకోటుంది. రోవర్ కంపెనీకి అప్పట్లో గ్యాస్ టర్బైన్ పిచ్చి ఉండేది. 1950లో జెట్ 1 అని ఒక టర్బైన్ కారు చేశారు, అదిప్పుడు లండన్ సైన్స్ మ్యూజియం సొత్తు. పి6లో కూడా ఎప్పటికైనా టర్బైన్ పెడతామేమోనని ముందు స్ప్రింగులను నిలువుగా పెట్టకుండా అడ్డంగా పడుకోబెట్టి, బానెట్ కింద జాగా వదిలారు. టర్బైన్ రానే లేదు. ఆ ఖాళీలోకి అమెరికావాళ్లు వద్దన్న వి8 వచ్చి కూర్చుంది.

ఇదంతా నాకు కంఠతా వచ్చు. నా కొంప ముంచింది ఈ కంఠతా చదువే.

రంగు సంగతి చెప్పకపోతే అబద్ధమాడినట్టే. ఆ కారు రంగు పేరు టొబాకో లీఫ్. మాది కందుకూరు దగ్గర పల్లె. మా నాన్న పొగాకు రైతు. చిన్నప్పుడు సెలవుల్లో ఆకు కాల్చే బ్యారన్ దగ్గర, దించిన ఆకు మీదే దొర్లేవాళ్లం. ప్రకటనలో ఆ పేరు చదివి ఫోటో పెద్దది చేసి చూసుకున్న క్షణంలోనే బేరం కుదిరిపోయింది, అవతలివాడికింకా తెలియదంతే. ఆ రంగు మా ఊరి ఆకు రంగులో ఉండదు, దానికంటే చాలా ముదురు గోధుమ. అయినా పేరు చాలింది.

నిజానికి రోవర్ పిచ్చి ఇక్కడికొచ్చాక పట్టింది కాదు. 1985లో మద్రాసు స్టాండర్డ్ కంపెనీ స్టాండర్డ్ 2000 అని ఒక కారు తెచ్చింది. పి6 తర్వాత రోవర్ చేసిన ఎస్‌డి1 కారుకి నకలు. పైరూపం అచ్చం అదే, బానెట్ ఎత్తితే మాత్రం పాత వాన్‌గార్డ్ కారు కాలపు ఇంజను. మూడేళ్లకే ఆగిపోయింది. ఒంగోల్లో ఒక పొగాకు వ్యాపారి దగ్గర అలాంటిది ఉండేది. దాని చుట్టూ తిరగడం కోసం మా నాన్నతో బజారు పనులకు పోయేవాణ్ని. ఒళ్లొకటి, లోపల ఇంకొకటి అన్న పాఠం నాకు అప్పుడే ఎదురుగా నిలబడింది. నేను దాని వెనక దీపాలు చూస్తూ నిలబడ్డాను.

పి6 కట్టుబడి గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నా మూర్ఖత్వం లోతు మీకు అందదు. మామూలు కారులో పైరేకులు కూడా కొంత బరువు మోస్తాయి. పి6లో అలా కాదు. లోపల ఉక్కు రేకులతో కట్టిన అస్థిపంజరం ఒకటుంటుంది, దాన్ని బేస్ యూనిట్ అంటారు. ఇంజను, చక్రాలు, సీట్లు, బెల్టులు అన్నిటినీ అదే మోస్తుంది. మడ్‌గార్డులు, తలుపుల పైరేకులు, పైకప్పుతో సహా బయటికి కనిపించేవన్నీ దాని మీద బోల్టులతో బిగించినవే. ఒకటి నలిగితే విప్పి ఇంకోటి పెట్టుకోవచ్చు. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. ఆ తెలివికి ఇంకో వైపు కూడా ఉంది. అస్థిపంజరం తుప్పు పట్టి రాలిపోతున్నా పైరేకులు నిక్షేపంగా మెరుస్తూ ఉండగలవు. పి6 కొనేవాడు రంగు చూడ్డమంత దండగ పని ఇంకోటి లేదు.

అంటే ఎక్కడ చూడాలో తెలియక మోసపోయానని చెప్పుకోడానికి కూడా నాకు అవకాశం లేదు. అన్నీ తెలుసు. అన్నీ చదివి, ఎక్సెల్‌లో రాసుకుని, రంగులు వేసుకుని, మూడు పేజీలు ప్రింటు తీసుకున్నాను. వెనక సీటు దిండు ఎత్తి దాని కింద రేకు చూడు. వెనక తలుపు తెరిచి, తలుపుకీ చక్రానికీ మధ్య నిలబడే స్తంభం, డి-పోస్ట్ అంటారు దాన్ని, దాని అడుగు భాగం నొక్కి చూడు. తలుపుల కింద పొడుగునా కనిపించేది పైతొడుగు మాత్రమే, అసలు సిల్లు దాని వెనక ఉంటుంది, అది చూడు. కారు కింద దూరు, స్క్రూడ్రైవరు పిడితో తట్టు, ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే పుట్టీ. వానలో కారు చూడకు, తడిసిన రంగు లోపాలన్నీ దాస్తుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించు. ఇలా సాగుతుంది నా జాబితా. చాప, జాకీ, టార్చి, అయస్కాంతం, పాత గుడ్డలు ఒక సంచిలో పెట్టుకున్నాను. దాని పక్కన రెండో సంచి, నిమ్మకాయలది.

తోడు మా బావమరిదిని తీసుకెళ్లాను. వాడికి కార్ల గురించి ఏమీ తెలియదు. కానీ ఒంటరిగా పోయి కార్లు కొనకూడదని కూడా నా జాబితాలో ఉంది.

వూస్టర్‌షైర్‌లో చిన్న పల్లె. శనివారం మధ్యాహ్నం. సన్నగా తుంపర. అమ్మే పెద్దాయన మా కోసం కారుని గ్యారేజీలోంచి బయటికి తీసి వాకిట్లో నిలబెట్టాడు. ఆ తడిలో అది మెరిసిపోతోంది. నేను నిలబడిపోయాను. ఆయన నా మొహం చూశాడు. బేరం అక్కడే అయిపోయిందని ఇప్పుడనిపిస్తుంది.

“చలిగా ఉంది కదా అని ఇంజను వేడి చేసి ఉంచాను, మీకు ఇబ్బంది లేకుండా” అన్నాడు. నేను థాంక్స్ చెప్పాను. వి8 ఇంజను చల్లగా ఉన్నప్పుడు చేసే చప్పుళ్లు, వదిలే పొగ చెప్పేదంతా వేడెక్కాక చెప్పదని మూడు పేజీల కాగితంలో ఎర్ర రంగులో రాసుకున్నవాణ్ని, చేతులు జోడించి మరీ థాంక్స్ చెప్పాను.

తర్వాత పాఠం ఒప్పజెప్పాను. బ్యూక్ ఇంజను కథ, టర్బైన్ కథ, మెర్సిడెస్ రెండో స్థానం కథ. ఇంత తెలిసిన కుర్రాణ్ని ఈ మధ్య చూడలేదని పెద్దాయన అన్నాడు. నాకు యాభై దగ్గర పడుతోంది. కుర్రాడన్నందుకు కూడా పొంగిపోయాను. ముందు దీపాల పైన చిన్న పలక ఉంటుంది, రాత్రిపూట డ్రైవరు తన సీట్లోంచే అది వెలగడం చూసి దీపాలున్నాయో లేదో, కారు వెడల్పెంతో తెలుసుకోవచ్చు. అదెందుకో తెలుసా అని ఆయనకే పరీక్ష పెట్టాను. ఆయన ఆ కారుని తోలుతున్నది నేను ఇంగ్లండు రాకముందు నుంచీ.

ఇక పరీక్ష మొదలుపెట్టాను. అయస్కాంతం తీశాను. ఉక్కు రేకు మీద పుట్టీ మందంగా పూసి రంగు వేస్తే అక్కడ అయస్కాంతం అంటదు, అదీ సూత్రం. నేరుగా పోయి బానెట్ మీద పెట్టాను. జారి కింద పడింది. ఇంకో మూల పెట్టాను. పడింది. డిక్కీ మూత మీద పెట్టాను. అక్కడా పడింది. నా ఒంట్లో రక్తం వేడెక్కింది. బ్యాంకులో కుర్రాళ్ల దగ్గర వాడే గొంతు తీసి, “క్షమించాలి, ఈ కారు సగం పుట్టీయే. ఇది మీరు ప్రకటనలో రాయలేదు” అన్నాను.

పెద్దాయన కోపం తెచ్చుకోలేదు. నవ్వనూ లేదు, అదే నన్ను చంపింది. “పి6కి బానెట్, డిక్కీ మూత అల్యూమినియంవి” అన్నాడు నెమ్మదిగా. “తలుపుల మీద పెట్టి చూడండి.”

పెట్టాను. ఠక్కున అతుక్కుంది. నాకు వచ్చిన చదువంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. ఇంజను అల్యూమినియందని చరిత్ర చెప్పినవాడికి దాని మీది మూత ఏ లోహమో తెలియదు.

అక్కడితో ఆగినా బాగుండేది. పోయిన పరువు రాబట్టుకోవాలని వెనక చక్రం దగ్గర వంగి, ఫోను టార్చి వేసి లోపలికి చూశాను. డిస్కూ లేదు, డ్రమ్మూ లేదు. “వెనక బ్రేకులేవీ?” అన్నాను. ఈసారి ఆయన భార్య కూడా వరండాలోంచి వింటోంది. పి6 వెనక బ్రేకులు చక్రాల దగ్గర ఉండవు. మధ్యలో డిఫరెన్షియల్‌కి ఆనుకుని ఉంటాయి, చక్రాల మీద బరువు తగ్గాలని అలా పెట్టారు. చేతికందక మెకానిక్కులు తిట్టుకునేది వాటినే, హ్యాండ్ బ్రేకు సరిగ్గా పట్టని పి6లు అన్ని ఉండటానికి కారణమూ అదే. ఇవన్నీ నేను చదివినవే. చదివింది కళ్లెదుట లేకపోతే గుర్తుకురాలేదు. బానెట్ ఎత్తి బ్యాటరీ ఎక్కడని అడిగే దాకా వెళ్లాను. వి8 పట్టించడం కోసం బ్యాటరీని డిక్కీలోకి మార్చారు. అదీ ఆయనే చెప్పాడు.

ఆ తర్వాత నేనింక ఏమీ అడగలేదు.

ఈ వ్యాసం రాస్తున్నది ఈ ఒక్క మాట కోసమే. అప్పటిదాకా నేను తెలియనివాణ్ని మాత్రమే. తెలియనివాడికి దారులుంటాయి, అడగొచ్చు, వంగి చూడొచ్చు, ఇంకోరోజు వస్తానని చెప్పి పోవచ్చు. మూడుసార్లు నోరు జారాక నాకు కారు మీద కంటే ఆ పెద్దాయన మనసులో నా మీద ఎలాంటి అభిప్రాయం మిగులుతుందన్న దాని మీదే ధ్యాస ఎక్కువైంది. మళ్లీ ఏదైనా అడిగితే మళ్లీ ఏ అల్యూమినియం బయటపడుతుందో అని భయం. “కింద చూస్తారా? జాకీ ఎత్తిస్తాను” అని ఆయనే అడిగాడు. మా బావమరిది కూడా పక్కకొచ్చి గుసగుసగా అన్నాడు.

“బావా, కింద దూరి చూడవా?”

“గుడికి పోవాలి కదరా, ప్యాంటు పాడవుతుంది.”

ఆ మాట నిజమే. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, లేత రంగు ప్యాంటు వేసుకుని పాత కారు పరీక్ష చేయడానికి బయల్దేరాను, అక్కణ్నుంచి అటే టివిడేల్ బాలాజీ గుడికి పోయి వాహనపూజ చేయించాలని. చాపా పాతగుడ్డలూ ఉన్న సంచి బావమరిది కారులోంచి దిగనే లేదు. వాడు కూడా అంతకంటే పట్టుబట్టలేదు. వరండాలో ఆ పెద్దావిడ పెట్టిన బిస్కట్ల పళ్లెం దగ్గరకు తిరిగి వెళ్లిపోయాడు.

వెనక సీటు మీద కూర్చుని చూశాను. మెత్తగా ఉంది. దాన్ని ఎత్తి చూడాలని తెలుసు. చేత్తో తోలు నిమిరి, “అద్భుతం” అన్నాను.

తుప్పుందా అని ఒక్కసారి మాత్రం అడిగాను, అడిగాననిపించుకోడానికి. “యాభై ఏళ్ల కారు కదా” అన్నాడాయన. అది జవాబు కాదు. ఎవరైనా కుర్రాడు నాకు ఆఫీసులో ఇలాంటి జవాబిస్తే ఆ రోజు ఇంటికి వెళ్లనిచ్చేవాణ్ని కాదు. ఇక్కడ గంభీరంగా తలూపాను.

ఇంగ్లండులో నలభై ఏళ్లు దాటిన కారుకి రోడ్డు పన్ను ఉండదు. 2018 మే నుంచి ఏటా చేయించే ఎంఓటీ పరీక్ష కూడా తప్పనిసరి కాదు. “దీనికి ఎంఓటీ అక్కర్లేదు” అని ఆయనంటే అదొక లాభంగా లెక్కేసుకున్నాను. ఏటా ఒక మనిషి కారుని పైకెత్తి కింద చూసి కాగితం మీద సంతకం పెట్టే ఏర్పాటు ఇన్నేళ్లుగా దీనికి లేదన్నమాటే కదా, అని తట్టలేదు. కావాలంటే డబ్బు కట్టి ఎప్పుడైనా చేయించుకోవచ్చు. చేయించి చూపిస్తే కొంటానని ఒక్క మాట అంటే సరిపోయేది. లాగ్‌బుక్, అంటే మన సీ-బుక్కు, తీసి చూసి పేరు సరిపోయిందని సంతోషించాను. డబ్బు పంపాను. చేతులు కలిపాం.

తోలుకుంటూ వచ్చాం. ఎం5 మోటర్‌వే మీద ఆ కారు నడిచిన తీరు గురించి చెడు చెప్తే కళ్లు పోతాయి. స్టీరింగు, సీటు, ఆ ఇంజను గొంతు, అన్నీ బాగున్నాయి. అస్థిపంజరం శిథిలమైనా నడక అంత హాయిగా ఉండటమే పి6 మాయ. గుళ్లో పంతులుగారు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించి, ముందుకు పోనివ్వమన్నారు. కొబ్బరికాయ కొట్టాను. దండ వేశాను. కారు కదిలాక చూస్తే, నిలబెట్టిన చోట నేల మీద నూనె మరక మిగిలింది. హారతి నూనె ఒలికిందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఫోటోలు అందరికీ పంపి, మంచం మీద పడుకుని, ఊసుపోక కారు పాత ఎంఓటీ చరిత్ర తెరిచాను. బండి నంబరు కొడితే చాలు, ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. ఇన్సూరెన్సు కట్టిన రాత్రి ఆ నంబరుని అన్నిచోట్లా కొట్టాను, ఇక్కడ తప్ప. మినహాయింపు రాకముందు చేసిన చివరి పరీక్ష దగ్గర రెండు ముక్కలు రాసి ఉన్నాయి. సిల్లులు రెండు పక్కలా తుప్పు పట్టాయి. అడుగున అండర్‌సీల్ దట్టంగా పూసి ఉండటం వల్ల పూర్తిగా చూడటానికి వీలు కాలేదు. మా ఆవిడ పక్కనే ఉంది. “ఏమండీ, అలా అయిపోయారేంటి?” అంది. “ఆఫీసు మెయిలు” అన్నాను.

పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేస్తే ఇంజనులోంచి టకటకమని చప్పుడు. వేడెక్కాక తగ్గింది. పెద్దాయన చలిలో మాకు చేసిన ఉపకారం ఏమిటో అప్పుడు అర్థమైంది. ఆయిలు సమయానికి మార్చకపోతే ఈ ఇంజనులో మడ్డి పేరుకుని క్యామ్‌షాఫ్టు, దాని మీది హైడ్రాలిక్ లిఫ్టర్లు అరిగిపోతాయి. అదీ జాబితాలో ఉంది.

పి6లు తప్ప ఇంకేవీ ముట్టని ఒక మెకానిక్కు దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన బానెట్ వైపు కన్నెత్తి చూడలేదు. వెనక తలుపు తెరిచి, సీటు దిండు ఎత్తి అవతల పెట్టి, లోపలికి చూసి, మళ్లీ నా వైపు చూశాడు. “కొనకముందు ఇది ఎత్తారా?” అన్నాడు. తర్వాత స్పానరు తీసుకుని వెనక మడ్‌గార్డు బోల్టులు విప్పి, రేకుని ఒళ్లోకి తీసుకున్నాడు. ఆ రేకు మీద ఒక్క మచ్చ లేదు. దాని వెనక డి-పోస్ట్ అడుగున, ఉక్కు ఉండాల్సిన చోట, ఫైబర్‌గ్లాసు, దాని మీద పుట్టీ, దాని మీద నల్లటి అండర్‌సీల్. స్క్రూడ్రైవరు మొన ఆనిస్తే లోపలికి పోయింది. సిల్లు పైతొడుగు తీస్తే లోపల గోడ కట్టడానికి వాడే నురగ నింపి ఉంది. వెనక సస్పెన్షన్ బరువు వచ్చి పడేది ఆ చుట్టుపక్కలే. సస్పెన్షన్, సీటు బెల్టు బిగించిన చోటికి 30 సెంటీమీటర్ల లోపు రేకు తుప్పుతో బలం కోల్పోతే ఎంఓటీలో తప్పుతుంది. ఇది మీటరు పొడుగునా అలాగే ఉంది. వెల్డింగుకి ఆయన చెప్పిన లెక్క కారు ఖరీదుని దాటిపోయింది.

మా నాన్నకి ఫోను చేసి, ఎందుకో, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాసేపు విన్నాడు.

“బేలు మధ్యలో చెయ్యి పెట్టి చూశావా?”

“లేదు నాన్నా.”

వేలం ప్లాట్‌ఫారం మీద కొనేవాళ్లు పొగాకు బేలు పైఆకు చూసి ధర చెప్పరు. మధ్యలోకి చెయ్యి దూర్చి గుప్పెడు లాగి చూస్తారు. కొందరు పైన మంచి ఆకు పేర్చి నడిమధ్యన తక్కువ రకం పెడతారు కనుక. ఇది నేను చిన్నప్పుడు భుజాల మీద కూర్చుని చూసిన సంగతే. అంతటితో తిడతాడనుకున్నాను. తిట్టలేదు. వానలకు ఆకు పాడైపోయిన ఒక ఏడాది, అప్పు తీర్చలేక, తానూ ఒక బేలు అలా కట్టాడట. కొనేవాడు చెయ్యి పెట్టాడు, పట్టుకున్నాడు. అందరి ముందూ ఆ బేలు పక్కన పెట్టించారు. దాన్ని వెనక్కి బండి మీద వేసుకుని, దారిలో తెలిసినవాళ్లు కనపడకుండా పొద్దుపోయాక ఊళ్లోకొచ్చాడట. నాకు ఇన్నేళ్లూ తెలియదు. “కట్టినోడి తప్పు కట్టినోడిదే. చెయ్యి పెట్టకపోతే మాత్రం అడిగే నోరుండదు” అని, వానలు పడుతున్నాయా అక్కడ అని అడిగి ఫోను పెట్టేశాడు.

ఆ పెద్దాయన మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. ఆయన ఆడిన అబద్ధం ఒక్కటీ దొరకలేదు. ఆ నురగ నింపింది ఆయన కాకపోవచ్చు, ఆయనకి ముందువాడు కావచ్చు. అడిగినదానికి చెప్పాడు. జాకీ ఎత్తిస్తానన్నాడు. అల్యూమినియమని చెప్పినప్పుడు నా పరువు కాపాడటానికే గొంతు తగ్గించాడు. సొంత కారు అమ్ముకునే మామూలు మనిషి దగ్గర కొన్నప్పుడు చట్టం కూడా, వర్ణించినదానికీ ఉన్నదానికీ తేడా ఉంటే తప్ప, పెద్దగా ఆదుకోదు. ఆయన ప్రకటనలో రాసింది “చూడచక్కని కారు” అని. చూడచక్కగానే ఉంది.

అసలు మాట ఇంకొకటుంది. సిగ్గుతో నోరు మూసుకున్నానని పైన రాశాను, అది సగమే. అల్యూమినియం గొడవ లేకపోయినా నేను ఆ సీటు ఎత్తేవాణ్ని కానేమో. ఎత్తితే కనపడేది కనపడుతుంది, కనపడితే నిమ్మకాయలు వృథా. తప్పు దొరకకూడదని కోరుకుంటూ పరీక్ష చేసేవాణ్ని నేను ఆఫీసులో చూపుల్లోనే పట్టేస్తాను. అలాంటివాడు తేలికైనవన్నీ ఓపిగ్గా చూస్తాడు, కష్టమైన దాని దగ్గర టైమైపోయిందంటాడు. నేను అయస్కాంతం పట్టుకుని కారు చుట్టూ తిరిగింది కూడా, ఎలాగూ దాచిపెట్టేదేమీ ఉండని పైరేకుల మీద.

ఇదంతా జరిగాక బుద్ధొచ్చిందని రాస్తే బాగుంటుంది. జరిగింది మాత్రం, ఇంకో పి6 కొన్నాను.

ఇది ష్రాప్‌షైర్‌లో ఒక రైతు కొట్టంలో దొరికింది. ఇదీ 3500. రంగు పెచ్చులూడిపోయి, ముందు మడ్‌గార్డు ఒకటి నలిగి, తలుపుల పైరేకులు చిల్లులు పడి ఉన్నాయి. పాత లుంగీ, దాని మీద ఇంకా పాత స్వెట్టరు వేసుకుని వెళ్లాను. ముందుగా వెనక సీటు ఎత్తాను. తర్వాతే నమస్కారం చెప్పాను. కింద దూరి, స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ ఒక చివర నుంచి ఇంకో చివర దాకా పాకాను. ఖంగున పలికింది. ఆ రైతు నేను తుక్కు వ్యాపారిననుకుని ఇనుము ధర చెప్పాడు. చరిత్ర ఒక్క ముక్క ఎత్తలేదు.

మెకానిక్కు చెప్పిన పథకం ఇది. మొదటి కారు పైరేకులన్నీ విప్పి రెండోదాని అస్థిపంజరానికి బిగించడం. బోల్టులే కదా. బండి నంబరు బేస్ యూనిట్‌తోనే ఉంటుంది కాబట్టి, మొదటి కారు లాగ్‌బుక్కు, నేను ముచ్చటపడిన ఆ నంబరు, పోతాయి. రంగు మారినట్టు బండ్ల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్‌ఏకి రాయాలి. అంటే చివరికి నేను వూస్టర్‌షైర్‌లో కొన్నది ఒక కారు కాదు, ఒక కారు తొడుగు.

ప్రస్తుతం మా వాకిట్లో రెండూ ఉన్నాయి. రోడ్డు మీద పెట్టకూడదు, రెండింటికీ నడపట్లేదని డిక్లరేషన్ ఇచ్చాను. ఒకదానికి రేకులు సగం ఊడాయి, ఇంకోదానికి అసలు లేవు. మా ఆవిడ కారు వీధి చివర పెట్టుకుని నడిచొస్తోంది, ఆ విషయం రోజూ గుర్తుచేస్తోంది. పోయినవారం కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది, మీ ఇంటి ముందు పాడుబడ్డ వాహనాలున్నాయని ఫిర్యాదు అందింది, వివరణ ఇవ్వండి అని. బదులు రాయడానికి కూర్చున్నాను. పాడుబడ్డవి అన్న బహువచనం దగ్గరే పేచీ ఉంది. ఒకటి మాత్రమే పాడుబడింది, రెండోది నిక్షేపంలా ఉంది, కావాలంటే మీ మనిషిని పంపండి, చాప నేనిస్తాను అని రాశాను. మా బావమరిది చదివి, “బావా, ఏది నిక్షేపమో వాళ్లకెలా తెలుస్తుంది?” అన్నాడు. ఏది ఏదో కింద పడుకుంటే గాని తెలియదు కాబట్టి ఆ వాక్యం ఉంచేశాను.